లాడో కొలతలు

తెల్లారేసరికే హూర్‌బాయి లాడో ఒంటికి ఆముదం పట్టించడం మొదలుపెట్టింది. కొమ్ముల మొదళ్ళ నుంచి తోక కుదురు దాకా ఎక్కడా వదలకుండా రుద్దుతుంటే, మూడేళ్ళ ఆ దున్న కళ్ళు అరమోడ్చి, మెడ ఆమె భుజం మీదికి వాల్చి నిలబడింది. నల్లటి ఒళ్ళు నిగనిగలాడిపోతోంది.

గుండ్రటి మట్టిగుడిసె భుంగా గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్న జూసబ్ అది చూసి నవ్వాడు.

"మన పెళ్ళి రోజున మా అమ్మ కూడా నాకింత నూనె రాయలేదే."

"రాసినా లాభం లేదని అత్తకి ముందే తెలిసుంటుంది," అంది హూర్‌బాయి చెయ్యి ఆపకుండా.

"నూనె రాస్తే ఎత్తు పెరుగుతాడా వాడు?"

"ఎత్తు పెరగడు, కళ వస్తుంది. చూసేవాళ్ళ కళ్ళు నిలవాలిగా."

బన్ని గడ్డి మైదానంలో ఆ గూడెం మొత్తానికి పాతిక కొంపలు. అందరిదీ గేదెల బతుకే. పొద్దు వాలగానే గేదెలు వాటంతటవే పచ్చికలోకి వెళ్ళిపోతాయి, రాత్రంతా మేసి, తెల్లారేసరికి ఎవరి వాకిట్లోకి అవి వచ్చి నిలబడతాయి. కంచె లేదు, కాపరి లేడు. అన్నీ కలిసి మేస్తాయి కాబట్టి మంద అంతటికీ విత్తనపు దున్న ఒక్కటే ఉండాలి. ఉన్న ముసలి దున్న కిందటి చలికాలం చివర్లో చచ్చిపోయింది. దాని చోటికి ఇద్దరు పోటీకి వచ్చారు. ఒకడు జూసబ్ ఇంట్లో ఉన్న లాడో. రెండోవాడు హూర్‌బాయి అన్న సూమార్ ఇంట్లో పెరిగిన లంబో.

పూర్వమైతే తల్లి పాలు చూసి దున్నను ఎంచేవాళ్ళు. ఈసారి ఇద్దరి తల్లులూ పాలల్లో సమానమని పెద్దలందరూ ఒప్పుకున్నారు. తేల్చుకోలేక, గూడెం పెద్ద ఆరబ్ తాత పశుపోషకుల సంఘానికి ఫోను చేయించాడు. భుజ్ నుంచి పశువుల డాక్టరమ్మ వచ్చి ఇద్దరి ఒళ్ళూ కొలిచి చెప్తుంది, ఆ మాటకు అందరూ కట్టుబడాలి. ఓడినవాడు గుంజకి కట్టేసైనా ఉండాలి, లేదా ఊరైనా దాటాలి.

పోటీ ఎవరిద్దరి మధ్య అయినా ఇబ్బందే, ఈ ఇద్దరి మధ్య అయితే మరీను. వాళ్ళది కుండమార్పిడి సంబంధం. హూర్‌బాయిని జూసబ్‌కి ఇచ్చి, జూసబ్ చెల్లెలు రహమత్‌ని సూమార్‌కి చేసుకున్నారు. ఒక ఇంట్లో పొగ లేస్తే రెండో ఇంట్లో కళ్ళు మండుతాయి. అందులోనూ లాడోని పెంచింది జూసబ్ కాదు, హూర్‌బాయి. వాడు పుట్టిన వారానికే తల్లి పాము కరిచి పోతే, సీసాతో పాలు పట్టి, తన రొట్టెలో సగం విరిచి పెట్టి బతికించింది. లాడో అంటే ముద్దులవాడు. పేరుకు తగ్గట్టే పెరిగాడు. ఈ కొలతల సంగతి తెలిసిన దగ్గర్నుంచీ పత్తిగింజల చెక్క, బెల్లం, మిగిలిన మజ్జిగ అన్నీ వాడి తొట్టిలోకే పోయాయి.

ఎండ ఎక్కకముందే డాక్టరమ్మ మృదుల జీపు దిగింది. నలభై దాటిన మనిషి. కాళ్ళకి బూట్లు వేసుకుని, చున్నీ నడుముకి బిగించి కట్టుకుంది. ఆమె చేతిలో జారే అడ్డపట్టీ ఉన్న పొడవాటి కర్ర, జేబులో టేపు. ముందు నేలంతా నడిచి చూసి, గట్టిగా చదునుగా ఉన్న చోటు ఎంచుకుంది.

"నాలుగు కాళ్ళూ ఒక్క మట్టాన ఉండాలి. ఒక కాలు గుంటలో ఉంటే నా కొలత అబద్ధమాడుతుంది. ఎవరి దున్నని వాళ్ళే పట్టుకోండి."

ముందు లంబో వచ్చాడు. పేరుకు తగ్గట్టే పొడుగ్గా, ఎండు కట్టెలా ఉన్నాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. కర్ర చూడగానే బెదిరి సూమార్‌ని నాలుగడుగులు ఈడ్చుకుపోయాడు.

"బావా, నువ్వు దున్నని పట్టుకున్నావా, దున్న నిన్ను పట్టుకుందా?" అని జూసబ్ అరిచాడు. జనం గొల్లుమన్నారు.

"మీవాడిలా నూనె కారుతుంటే పట్టు దొరికేది కాదులే బావా, నావాడు నయం!" అన్నాడు సూమార్ రొప్పుతూ.

లాడో మాత్రం హూర్‌బాయి మెడ కింద గోకుతుంటే విగ్రహంలా నిలబడ్డాడు. మృదుల ముందు కాళ్ళ వెనకగా టేపు చుట్టి ఛాతీ కొలిచింది. కర్ర నిలబెట్టి భుజాల దగ్గర ఎత్తు చూసింది. భుజం ఎముక నుంచి పిర్ర ఎముక దాకా పొడవు, వెనక తుంటి ఎముకల మధ్య వెడల్పు. ప్రతిదీ మళ్ళీ మళ్ళీ కొలిచింది. చివర్లో అరచెయ్యి లాడో పక్కల మీద వేసి, వేళ్ళతో లోపలికి నొక్కి కాసేపు ఊరుకుంది. ఆ ఊరుకోవడం హూర్‌బాయికి నచ్చలేదు.

"ఛాతీ చుట్టుకొలత వీడిదే ఎక్కువ," అంది మృదుల.

జూసబ్ మీసం మీదికి చెయ్యి పోయింది.

"కానీ అది మేపుడు. నా వేలు ఎముక దాకా పోవడానికి ఎంత దూరం పోవాల్సి వచ్చిందో! ఎత్తులో లంబో మూడు వేళ్ళు పైన. పొడవులోనూ దగ్గర దగ్గర జానెడు ఎక్కువ. వెనక తుంటి కూడా వాడిదే వెడల్పు. తండ్రి ఒంటి మీది కొవ్వు దూడకి రాదు తాతా, ఎముక వస్తుంది. తుంటి వెడల్పున్నవాడి కూతుళ్ళు సులువుగా ఈనుతాయి. ఒళ్ళు పొడుగున్నవి ఎక్కువ మేస్తాయి, ఎక్కువ పిండుతాయి. మీ మందలో గేదెలు పెద్దవి. వాటికి లంబోయే సరి."

ఆరబ్ తాత తల ఊపాడు. అంతే, తేలిపోయింది.

"నావాడు చెడ్డవాడా డాక్టరమ్మా?" అంది హూర్‌బాయి. అడిగాక, అందరి ముందూ ఎందుకడిగానా అనుకుంది.

మృదుల టేపు చుట్టుకుంటూ ఆమె వంక చూసింది. "చెడ్డవాడని ఎవరన్నారమ్మా? ఇంత నెమ్మదైన దున్నని నేను ఈ మధ్య చూళ్ళేదు. రెండోవాడు, అంతే. ఆ చెక్క మాత్రం తగ్గించు. కీళ్ళు పట్టేస్తాయి."

మేపింది తనే. వాడికి మంచి చేస్తున్నాననుకుంది. ఇప్పుడు ఊరందరి ముందూ ఏదో దాచబోయి దొరికిపోయినట్టయింది. అన్న ఇంటి ముందు రహమత్ అందరికీ టీ పోస్తుంటే, తలనొప్పి అని చెప్పి లాడోని తోలుకుని వచ్చేసింది.

ఆ రోజు నుంచి లాడో మెడకి పలుపు పడింది. పగలు బాగానే ఉండేవాడు. అసలు చిక్కు పొద్దు వాలేటప్పుడు. గూడెంలో గేదెలన్నీ ఒక్కొక్కటే లేచి, ఒళ్ళు దులుపుకుని, పచ్చిక వైపు నడిచేవి. వాడు గుంజ చుట్టూ తిరిగి తిరిగి, పలుపు బిగిసిపోయాక ముట్టె ఎత్తి అరిచేవాడు. చిన్నప్పుడు సీసా ఆలస్యమైతే అరిచిన అరుపే అది, గొంతు మాత్రం బండబారింది. హూర్‌బాయి భుంగాలోకి పోయి, కుట్టుపని ముందేసుకుని కూర్చునేది. సూది కదిలేది కాదు.

"అలవాటు పడిపోతాడులే," అనేవాడు జూసబ్.

వానలు పడి, పచ్చిక మోకాటి ఎత్తుకు లేచింది. పాలు మరిగించి చేసిన మావా అమ్మడానికి జూసబ్ ఖావడా బజారుకి వెళ్ళిన ఒక సాయంత్రం, మంద కదిలింది. లాడో అరవలేదు. అరవకుండా, గుంజకి నుదురు ఆనించి నిలబడిపోయాడు. హూర్‌బాయి చూసింది. అరిచినా ఓర్చుకునేదేమో. లేచి వెళ్ళి ముడి విప్పింది. వాడికి వెంటనే తెలియలేదు, అక్కడే నిలబడ్డాడు. ఆమె వాడి వీపు మీద ఒక్క చరుపు చరిచింది.

"పో. పొద్దున్నే వచ్చెయ్యి. ఎవరూ చూడకముందే రా."

తెల్లారింది. గేదెలు వచ్చాయి. లాడో రాలేదు.

పాలు పిండడం సగంలో ఉండగానే సూమార్ వచ్చాడు. అప్పుడే మోటారు సైకిలు దిగుతున్న జూసబ్‌ని వాకిట్లోనే ఆపేశాడు.

"నా లంబో కుంటుకుంటూ వచ్చాడు బావా. భుజం చీరుకుపోయింది. అది కొమ్ము గాటే. మన మందలో కొమ్మున్న మగాడు ఇంకెవడున్నాడో చెప్పు."

జూసబ్ గుంజ వైపు చూశాడు. ఖాళీ గుంజ. దాని మీద, ఉండ చుట్టి శుభ్రంగా తగిలించిన పలుపు. ఆ చూపు ఒక్క క్షణం అక్కడ ఆగి, పాలచెంబు పట్టుకుని నిలబడ్డ భార్య మీదికి వచ్చి, మళ్ళీ సూమార్ మీదికి పోయింది.

"సరిగ్గా కట్టలేదు బావా. నాదే పొరపాటు."

"సరిగ్గా కట్టలేదా? గేదెల్లో పుట్టి పెరిగినవాడివి, నీకు ముడి వెయ్యడం రాదా? ఓడిపోయానని నలుగురి ముందూ ఒప్పుకుని, వెనకాల ఈ పని చేస్తావా?"

"పొరపాటన్నాగా."

"నా చెల్లెలు ఈ ఇంట్లో ఉంది కాబట్టి మాట మింగుతున్నాను!"

వెనకాలే రహమత్ పరుగెత్తుకొచ్చింది. "నీ చెల్లెలు ఈ ఇంట్లో ఉంటే, ఆయన చెల్లెలు నీ ఇంట్లో ఉంది! మాట మింగేదేదో అక్కడే మింగి రావచ్చుగా. పాలు పిండే వేళకి ఆడాళ్ళ వాకిట్లో నిలబడి అరుస్తావేం?" అని మొగుడి మీద విరుచుకుపడి, ఊపిరి తిప్పుకుని అన్న వైపు తిరిగింది. "నువ్వూ అంతే. చెయ్యాల్సింది చేసి రాయిలా నిలబడ్డావు."

హూర్‌బాయి చెప్పేద్దామని ముందుకు రాబోయింది. జూసబ్ చెయ్యి కొంచెంగా ఎత్తి, ఉండమన్నట్టు చూశాడు.

"ముందు వాణ్ణి వెతకాలి. లంబో గాయానికి పసుపు కట్టారా?"

"కట్టాను," అన్నాడు సూమార్ కోపంగానే. "వెతకడానికి నువ్వెళ్తే వాడు దొరకడు. ఇది పిలిస్తేనే వస్తాడు. హూరూ, బండెక్కు."

అన్నాచెల్లెళ్ళిద్దరూ మోటారు సైకిలు మీద పడమటగా వెళ్ళారు. తడి నేల మీద డెక్కల గుర్తులు తేటగా ఉన్నాయి. సర్కారు తుమ్మలు దాటాక నేలంతా పచ్చగా, మధ్యమధ్య వాననీళ్ళు అద్దాలు పరిచినట్టున్నాయి. సూమార్ వీపు చూస్తేనే తెలుస్తోంది, ఇంకా ఉడుకుతున్నాడు. రెండు చోట్ల దిగి హూర్‌బాయి నోటి చుట్టూ చేతులు పెట్టి కూతేసింది. పక్షులు లేచాయి, అంతే.

మూడోసారి బండి ఎక్కకుండా నిలబడింది.

"అన్నా, విప్పింది నేను."

సూమార్ ఇంజను ఆపాడు.

"ఏంటి?"

"ముడి విప్పింది నేను. ఆయన ఊళ్ళో లేడు నిన్న సాయంత్రం. ఆయనకి తెలియనే తెలియదు. కాదు, పొద్దున్న తెలిసింది. తెలిసే అలా అన్నాడు."

సూమార్ బండి మీదే వెనక్కి తిరిగాడు.

"మరి నేనన్ని మాటలన్నానే!"

"అన్నావు."

"నువ్వు నోరు మూసుకుని నిలబడ్డావు."

"నిలబడ్డాను."

"లంబో కళ్ళు పోయుంటే ఏం చేసేవాళ్ళం? ఊరందరికీ దున్న లేకుండా పోయేది. అది ఆలోచించావా?"

"లేదన్నా. వాడు అరవడం మానేశాడు. నాకదొక్కటే కనబడింది. కొలతలో ఓడిపోయింది వాడు కాదేమో అనిపిస్తోంది. నేనే కుక్కి కుక్కి మేపి, గెలుస్తాడు గెలుస్తాడని అందరికీ చెప్పుకుని తిరిగాను. వాడికేం తెలుసు పాపం? వాడికి మందతో పోవడమే కావాలి."

సూమార్ మెడ గోక్కున్నాడు. కోపం ఇంకా ఉంది, కానీ ఎటు పెట్టాలో తెలియనట్టుంది.

"నీ మొగుడు ఉత్త మొద్దనుకున్నాను ఇన్నాళ్ళూ," అన్నాడు చివరికి. "ఎక్కు. వాళ్ళ చెల్లెలికి ఈ సంగతి తెలిస్తే నన్ను రొట్టె లేకుండా పడుకోబెడుతుంది."

లాడో ఇంకొంచెం దూరంలోనే దొరికాడు. లోతులేని మడుగులో మెడదాకా మునిగి, పక్కన ఎవరివో రెండు గేదెలతో హాయిగా కూర్చుని ఉన్నాడు. నెత్తి మీద ఒక తెల్ల కొంగ. హూర్‌బాయి పిలిచింది. చెవులు కదిలాయి. రెండోసారి పిలిచేసరికి లేచాడు. బురద కారుకుంటూ, తొందరేమీ లేనట్టు నడిచొచ్చి, ఆమె అరచేతిలో ముట్టె పెట్టాడు. ఎడమ చెవి చివర చిరిగి ఉంది. పలుపు వేస్తే తల వంచాడు.

సూమార్ బండి నడిపించుకుంటూ పక్కనే నడిచాడు. లాడోని ఎగాదిగా చూశాడు.

"బక్కచిక్కాడే."

"చెక్క మానేశానుగా."

"ఇప్పుడు బాగున్నాడు చూడటానికి. మొన్న పీపాలా ఉన్నాడు." కాస్త దూరం పోయాక అన్నాడు, "కట్టేసి ఉంచడం మాత్రం పాపమే హూరూ. ఏదో ఒకటి చూడాలి. నేను డాక్టరమ్మతో మాట్లాడతాను."

ఇంటికొచ్చేసరికి జూసబ్ పాలన్నీ పిండి, పొయ్యి మీద మావా తిప్పుతున్నాడు. సూమార్ సరాసరి వెళ్ళి అతని పక్కన కూలబడి, చేతిలో గరిట లాక్కున్నాడు.

"నేను తిప్పుతాలే, అంటుకుంటోంది. ముడి వెయ్యడం రాదు, మావా తిప్పడం రాదు, ఎలా బతుకుతున్నావు బావా?"

జూసబ్ భార్య మొహం చూశాడు. సంగతి అర్థమైంది. "నీ చెల్లెలు దయ బావా," అన్నాడు.

సూమార్ వెళ్ళిపోయాక హూర్‌బాయి గుమ్మంలో నిలబడి, "నీకెలా తెలిసింది?" అనడిగింది.

"తాడు తెంపుకున్న దున్నని చూశాను. గుంజ పీక్కుపోయిన దున్నని చూశాను. పోతూ పోతూ పలుపు ఉండ చుట్టి తగిలించి పోయిన దున్నని మాత్రం నేనింకా చూళ్ళేదే."

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముసుగు కొంగుతో మొహం తుడుచుకుంది.

మృదుల పది పన్నెండు రోజుల తర్వాత వచ్చింది. లంబో గాయం మానిందో లేదో చూసి, తర్వాత లాడోని మళ్ళీ కొలిచింది. ఆమెతో పాటు జీపులోంచి మరియాబాయి అనే పెద్దావిడ, ఆవిడ కొడుకు దిగారు. రణ్ ఉప్పు ఎడారి అంచున ఎక్కడో ఉంటారు. పదిహేను గేదెలు. అక్కడి గేదెలన్నిటినీ మృదుల కిందటి నెలలోనే కొలిచిందట.

"వాళ్ళ గేదెలు చిన్న ఒళ్ళవి," అంది మృదుల. "తుంటి ఇరుకు. పోయినేడు ఎక్కడినుంచో పెద్ద దున్నని తెచ్చి కలిపితే, తొలిచూలు పడ్డలు రెండు ఈనలేక పోయాయి. వాటికి లంబో లాంటివాడు పనికిరాడు. కొద్దికొద్దిగా ఒళ్ళు పెంచాలి. ఈ తరానికి వీడు సరిపోతాడు. ఎముక సన్నం, మనిషికి లొంగుతాడు. ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం."

జూసబ్ భార్య వైపు చూపించాడు. "పెంచింది అది. దాన్నడగండి," అని పక్కకి తప్పుకున్నాడు.

మరియాబాయి దున్న చుట్టూ ఒకసారి తిరిగి, పళ్ళు చూసి, డెక్కలు ఎత్తి చూసి, చివరికి హూర్‌బాయి పక్కన గడ్డి మోపు మీద కూర్చుంది. డెబ్బై ఏళ్ళుంటాయి. టీ సాసర్లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగింది.

"ఆ పడ్డలు రెండూ నా చేతుల్లోనే పోయాయమ్మా," అంది. "లోపల దూడ కాళ్ళు నా చేతికి తగులుతున్నాయి. రాదు. ఎంత లాగినా రాదు. నా కొడుకు ఇప్పటికీ ఆ పాక వైపు చూడడు."

హూర్‌బాయి ఆవిడ సాసర్లో ఇంకాస్త టీ పోసింది.

"కట్టేస్తారా?" అంది తర్వాత.

"ఎందుకు కట్టెయ్యడం? అక్కడ మగాడు వీడొక్కడేగా. రాత్రంతా తిరుగుతాడు, పొద్దున్న వస్తాడు."

"బెల్లం పెట్టకండి. అడుగుతాడు. మొహం అదోలా పెట్టి అడుగుతాడు. పెట్టొద్దు."

"నా మనవలకే పెట్టడం లేదు, నీ దున్నకి పెడతానా?" అని ముసలామె పళ్ళు లేని నోటితో నవ్వింది.

మర్నాడు చిన్న లారీ వచ్చింది. లాడో ఎక్కనన్నాడు. హూర్‌బాయి తనే ముందు ఎక్కి నిలబడితే వెనకాలే ఎక్కాడు. వాడు అటు తిరిగి గడ్డిలో మూతి పెట్టాక, ఆమె పక్కనుంచి దిగిపోయింది. లారీ కదిలినప్పుడు రహమత్ వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"రా వదినా, మా ఇంట్లో తిందువుగాని. ఇవాళ నువ్వు వండితే మా అన్నకి ఉప్పు ఎక్కువవుతుంది."

ఆపై ఏడాది వానలు పోయాక, ఆ గూడెంలో లంబో దూడలు పుట్టడం మొదలైంది. పొడుగు కాళ్ళతో తూలుతూ, పుట్టిన పూటే పొదుగు అందుకుంటున్నాయి. మృదుల వాటిని కొలవడానికి వచ్చినప్పుడల్లా, దూడలు బెదరకుండా పట్టుకోవడానికి హూర్‌బాయినే పిలుస్తోంది. అన్న దున్న బిడ్డలని చూస్తే మొదట్లో గుండెలో ఏదో మూలిగేది. వాటి తడి ముట్టెలు చేతికి తగిలాక అది ఎటు పోయిందో పోయింది.

చలి మొదలయ్యాక మరియాబాయి కొడుకు ఉన్ని కొనడానికి ఇటు వచ్చి, వాకిట్లో ఆగి కబురు చెప్పాడు. ఆరు పడ్డలు ఈనాయి. ఒక్కదానికీ మనిషి చెయ్యి సాయం కావలసి రాలేదు.

"మా అమ్మ ఈసారి పాకలోనే కూర్చుంది రాత్రంతా, చేతులు కడుక్కుని, నూనె పక్కన పెట్టుకుని. తెల్లారి చూస్తే దూడ లేచి నిలబడి ఉంది, మా అమ్మ నిద్రపోతోంది."

"ఎంత ఎత్తుంది దూడ?" అనడిగింది హూర్‌బాయి.

అతను కాస్త ఆలోచించి, వంగి, తన తొడ మీద అరచేతిని అడ్డంగా పెట్టి చూపించాడు. "ఇంత. మా వాటికంటే నాలుగు వేళ్ళు ఎక్కువే."

"పెయ్యా?"

"పెయ్యే."

హూర్‌బాయి లోపలికి వెళ్ళి అతనికి రొట్టె, వెన్న, ఉల్లిపాయ తెచ్చి పెట్టింది. వద్దంటున్నా ఇంకో రొట్టె వేసింది.